కిటికీలో ఆపరేటర్

"ఆపండి! ముందా బకెట్ కింద పెట్టండి!"

గొయ్యి అంచున రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడి ఉంది పక్కింటావిడ. ఆపరేటర్ మట్టితో నిండిన బకెట్‌ని గాల్లోనే ఆపేసి, క్యాబిన్ తలుపు తీసి అరిచాడు.

"మీకేమైనా మతి పోయిందా అమ్మా? మిషన్ తిరిగే చోటికి అలా వచ్చేస్తారా?"

"రాక ఏం చెయ్యమంటారన్నా! మా నాన్నకి ఒంట్లో బాగాలేదు. కదలకుండా విశ్రాంతిగా ఉంచమన్నాడు డాక్టరు. నిన్న మీ మిషన్ వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి కంటి మీద కునుకు లేదు. కిటికీ ఊచలు పట్టుకుని మిమ్మల్ని తిడుతూనే ఉన్నారు. ఉన్న బీపీ ఇంకా పెరిగితే ఎవరిది బాధ్యత?"

"మట్టి తవ్వే మిషన్ చప్పుడు చెయ్యక జోల పాడుతుందా?"

"ఇంజన్ చప్పుడు కాదట. అదంటే ఆయనకి ఇష్టమే. బకెట్ కటకటలాడుతోందట. దాన్ని పట్టి ఉంచే పిన్ను దగ్గర, ఎడమవైపు సందు వచ్చిందట. రెండు షిమ్ములు వేస్తే పోయేదానికి..."

మిగిలింది ఆవిడ చెప్పనక్కర లేకపోయింది. మేడ మీద కిటికీలోంచి బొంగురు గొంతు ఖంగుమంది.

"వాడు నడిపేది మిషనా, గులకరాళ్ళ డబ్బానా? చెవులు ఇంటి దగ్గర పెట్టి వచ్చాడేమో అడుగు!"

ఆపరేటర్ మొహం జేవురించింది. "నాకు పని నేర్పడానికి ఆయనెవరమ్మా?"

"ఒళ్ళు సహకరించినన్నాళ్ళూ ఆయన చేసిందీ మీ పనేనన్నా," అంది ఆవిడ, తండ్రి తరఫున తనే సిగ్గుపడుతూ.

ఆ మాటతో అతని కోపం సగం దిగిపోయింది. మిగతా సగం, బకెట్‌ని నేలకి ఆనించి ఇంజన్ ఆపి కిందికి దిగాక పోయింది. గడ్డపారతో పొడిచి చూస్తే బకెట్ ఇటూ అటూ ఊగింది. ఎడమ పక్కనే, చిటికెన వేలి గోరు దూరేంత సందు. గోడ అవతల మేడ మీదున్న జబ్బు మనిషికి వినబడింది, దాని పక్కనే కూర్చున్న తనకి వినబడలేదు. రోజూ వినీ వినీ ఆ కటకటని చెవి పట్టించుకోవడమే మానేసింది. అతనికి నిజంగానే సిగ్గేసింది.

"మీరు వెళ్ళండమ్మా. మీ నాన్న ఇవాళ హాయిగా నిద్రపోతారు. నాదీ పూచీ."

మూత కూడా తియ్యకుండా భోజనం డబ్బా పక్కన పెట్టేసి, పనిముట్ల పెట్టె ముందేసుకున్నాడు. అడుగున ఎప్పటివో షిమ్ములు దొరికాయి. పెద్ద ఉంగరాల్లాంటి పల్చటి ఇనప రేకులవి. బోల్టు విప్పి, సుత్తితో కొట్టి పిన్నుని వెనక్కి జరిపి, సందులో వాటిని దూర్చాడు. ఒకటి పెడితే ఇంకా ఆడుతోంది. రెండోది కూడా పెట్టాక ఆట కట్టింది. రెండంటే రెండే! పిన్నుని యథాస్థానానికి కొట్టి, బోల్టు బిగించి, గ్రీజు పట్టించాడు. ఆ ముసలాయన్ని మనసులో మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు.

మళ్ళీ స్టార్ట్ చేశాడు. బకెట్ లేచింది, వంగింది, మట్టిలోకి దిగింది. ఇంజన్ గుర్రుమనడం తప్ప ఇంకో చప్పుడు లేదు. మిషన్ నీళ్ళ అడుగున కదులుతున్నట్టుంది. పచ్చటి ఎండలో దుమ్ము లేచి, కింద పడడం మర్చిపోయినట్టు అక్కడే తేలుతోంది. మట్టి తడితడిగా, మెత్తగా, పొరలు పొరలుగా వస్తోంది. వీధిలో ఆరేసిన దుప్పట్లు నెమ్మదిగా ఊగుతున్నాయి.

మేడ మీద కిటికీ ఊచల మీది చెయ్యి ఎప్పుడు జారిపోయిందో అతను గమనించలేదు. గొంతూ వినబడలేదు. ఆయనకి నిద్ర పట్టినట్టుంది. నిద్రలో ఆయన కూడా మిషనెక్కే ఉంటాడు. ఆ కలలోనూ ఇదే ఎండ, ఇదే చల్లటి మట్టి, చప్పుడు చెయ్యని ఇదే బకెట్. కాసేపటికి, ఈ గొయ్యి తవ్వుతున్నది తనో, కలలో ఆ ముసలాయనో అతనికే తెలియకుండా పోయింది. ఆ మధ్యాహ్నం అలాగే, అలాగే సాగిపోతే బాగుండనిపించింది. మిషన్ ఎక్కిన ఇన్నేళ్ళలో అంత ప్రశాంతంగా అతనెన్నడూ పని చెయ్యలేదు.

ఎండ వాలుతుండగా ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి చేతులు చాపలేదు, అరవలేదు. గొయ్యికి దూరంగా నిలబడి అతను ఇంజన్ ఆపేదాకా చూసింది.

అతను నవ్వుతూ దిగాడు. "నిద్రపోయారా అమ్మా?"

"పడుకున్నారన్నా." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమైందమ్మా?"

"మధ్యాహ్నం గోడవైపు తిరిగి పడుకున్నారు. లేపితే లేవలేదు. నాన్నా, నాన్నా అని ఎంత పిలిచినా పలకలేదు..."

అతను తల మీది హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అయ్యో తల్లీ... నా చేతులతో ఎంత పని జరిగిపోయింది!"

"అయ్యయ్యో, మీరనుకున్నది కాదన్నా. ఉన్నారు. కళ్ళు తెరుచుకునే ఉన్నారు. గోడ వంక చూస్తూ మళ్ళీ ఎప్పట్లాగే అయిపోయారు." ఆవిడ కళ్ళు తుడుచుకుని బకెట్ వైపు చూపించింది. "బుద్ధి లేక డాక్టరు మాట పట్టుకుని వచ్చాను. మీకు దణ్ణం పెడతాను, ఆ షిమ్ములు తీసెయ్యండన్నా. జబ్బు పడ్డాక మా నాన్న మొట్టమొదటిసారి నోరు విప్పింది మిమ్మల్ని తిట్టడానికే!"