పాణిగ్రహణం

“ఆ టోపీ మీకు అస్సలు నప్పలేదండీ,” అన్నాడు ఎజీడియో.

పాంథియన్ గుడి కప్పుకున్న పెద్ద కన్నంలోంచి ఆకాశం చూస్తున్న ఓర్నెల్లా గిరుక్కున తిరిగింది. పెళ్ళిచూపులకొచ్చిన మగవాడు కప్పుకున్న కన్నం చూడాలి గానీ, నెత్తిన కప్పుకున్నదానికి వంకలు పెడతాడా!

అయినా ఆమెకి కోపం రాలేదు. నవ్వొచ్చింది.

“ఫొటోలో కన్నా ఎలా ఉన్నానేం?”

“ఆరేళ్ళు పెద్దగా.”

“అది ఏడేళ్ళ కిందటి ఫొటో.”

“అయితే ఒక ఏడాది లాభమే మీకు.”

ఓర్నెల్లాది గార్బతెల్లా పేటలో పాస్తా కొట్టు. ఆమె మొగుడు పదకొండేళ్ళపాటు ప్రతి ఆదివారం, మంచాన పడ్డ పిన్నిని చూసొస్తానని వెళ్ళేవాడు. చివరికి తేలిందేమిటంటే, పిన్ని లేదు, చిన్నది ఉంది. విడాకులయ్యాక ఓర్నెల్లా చెల్లెలితో ఖండితంగా చెప్పేసింది: “అందగాడొద్దు, ఆస్తిపరుడొద్దు. అబద్ధమాడనివాడుంటే చెప్పు.” చెల్లెలు వెతికి వెతికి పట్టుకొచ్చిన సంబంధం ఈ ఎజీడియో. పోస్టాఫీసులో ముద్రలు వేస్తాడు.

జనవరి చలికి రోమ్‌లో రోమాలు నిక్కబొడుచుకుంటున్నాయి. ఇద్దరూ ఈ ఊళ్ళోనే పుట్టారు కాబట్టి ఊరిని తీరిగ్గా చూసిన పాపాన పోలేదు. కొలోసియం చుట్టూ ఒక చుట్టు చుట్టారు.

“మొన్న చెల్లెలితో పంపిన కార్బొనారా పాస్తా ఎలా ఉంది?” అడిగింది ఓర్నెల్లా.

ఎజీడియో ఆగాడు. “మీగడ వేశారు.”

“అయితే?”

“కార్బొనారాలో మీగడా! రోమ్‌లో పుట్టి! పులిహోరలో పాలు పోసినట్టుంది. మా పిల్లి కూడా మూతి తిప్పుకుంది.”

ఓర్నెల్లా పకపకా నవ్వింది. “కావాలనే వేశానండీ. ఇదివరకొచ్చిన ముగ్గురూ లొట్టలేశారు. మీరొక్కరే మూతి విరిచారు. అసలు మీరు అబద్ధమే ఆడరా?”

“ఇరవై ఏళ్ళయింది మానేసి.”

“ఎందుకు మానేశారు?”

“మానాల్సొచ్చింది.”

ఆ జవాబు ఆమెకి అంతుపట్టలేదు. అంతుపట్టకపోతే ఓర్నెల్లా ఊరుకునే రకం కాదు. ఏటి వైపు లాక్కెళ్ళింది. అక్కడ ఒక చర్చి వసారాలో గోడకి ఆనించిన గుండ్రటి రాతిముఖం, నోరు తెరుచుకుని ఉంది. అబద్ధమాడినవాడు అందులో చెయ్యి పెడితే కొరికేస్తుందని రోమ్‌లో చంటిపిల్లలకీ తెలుసు. నోరు జారితే చెయ్యి జారినట్టే.

“నేనెప్పుడూ దీన్ని దగ్గర్నుంచి చూళ్ళేదు. మీరు?”

“ఒకసారి చూశాను.” అతని మొహం పాలిపోయింది. “పదండి, వేడిగా కాఫీ తాగుదాం.”

“నన్నే కోరి వచ్చానని చెప్పి ఇందులో చెయ్యి పెట్టండి. నా చెయ్యి మీదే.”

“మిమ్మల్నే కోరి వచ్చాను. ఒట్టు. చెయ్యి మాత్రం పెట్టను.”

“నిజమే అయితే భయమెందుకు?”

వెనక క్యూ గోల పెట్టింది. “ఓ పెద్దాయనా! పెడితే పెట్టు, లేకపోతే తప్పుకో!”

“ఏమయ్యా, అది నీ చెయ్యా, చర్చి ఆస్తా, అంత దాస్తున్నావు?” అంది ఇంకో గొంతు.

పాణిగ్రహణానికి వచ్చి పాణిని దాచుకునే పెళ్ళికొడుకు! ఓర్నెల్లా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“పొద్దుట్నుంచీ నిజాలన్నీ నామీదే చెప్పారు. మీ దగ్గరికొచ్చేసరికి జంకారు. మీరూ ఆ పిన్ని బాపతే. వస్తాను.”

నాలుగడుగులు వేసింది.

“ఓర్నెల్లా గారూ, ఒక్క నిమిషం!”

ఎజీడియో ఆమెకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఆ రాతినోటి వైపు బెదురుగా ఒక చూపు చూసి, మెల్లగా కుడిచేతి తొడుగు లాగేశాడు.

నాలుగు వేళ్ళే ఉన్నాయి.