రేటు నిలబెట్టినవాడు

మధ్యాహ్నం మూడు దాటేసరికి డాలరు ధర మరీ పెరిగింది. కేంద్ర బ్యాంకులో డాలర్లు అమ్మే డీలరు వెనుకకు అతడి పై అధికారి వచ్చి నిలుచున్నాడు.

"ఏమయ్యా, ఇంకా చూస్తున్నావేం? మన డబ్బు జారుడుబండ ఎక్కేసింది. నిల్వలోంచి డాలర్లు తీసి అమ్ము!"

"ఇంకో పది నిమిషాలు ఆగుదాం సార్. దానంతటదే నిలబడుతుందేమో."

"పొద్దుట్నుంచీ ఇదే పాట! ఇలాగే వదిలేస్తే రేపు పెట్రోలు, ఎల్లుండి మందులు, ఆ తర్వాత మన ఉద్యోగాలు. కానివ్వు!"

డీలరు ఇక జాగు చేయలేదు. కంప్యూటరులో వరుసగా అమ్మకాలు నమోదు చేశాడు. కొంతసేపు మొండికేసిన డాలరు, ఆ తరువాత మెట్టు మెట్టుగా దిగివచ్చింది. మార్కెట్టు మూసే వేళకు దేశపు డబ్బు ఉదయపు విలువకు చేరుకున్నది.

"శభాష్! పరువు నిలబెట్టావు. ఇంటికెళ్లి హాయిగా కాళ్లు చాపుకో" అని అధికారి భుజం తట్టాడు.

డీలరు ఇంటికి వెళ్లి, దీపం వేసి, ఫోను ఎదుట కూర్చున్నాడు. అతడికి తనవారంటూ మిగిలినది అక్క ఒక్కతే. పరాయి దేశపు ఆసుపత్రిలో ఆమె నర్సు. దాచుకున్న డాలర్లను ఇక్కడి డబ్బు విలువ పడిపోయిన నాడే పంపేది. ఆనాడైతే నాలుగు రాళ్లు ఎక్కువ వస్తాయి. పంపగానే ఫోను చేసేది.

"తమ్ముడూ, డబ్బు బ్యాంకులో పడిందో లేదో చూడు. అది సరే, నువ్వు వేళకు తింటున్నావా?"

ఆ మాటతో మొదలైతే అరగంట మాట్లాడేది.

మూడు నెలలుగా దేశపు డబ్బును చెక్కుచెదరనివ్వని ఘనత డీలరుదే. ఆ మూడు నెలలుగానూ ఫోను మోగలేదు.