గట్టి పోటీ

ఇస్త్రీ దుకాణం పెట్టడం గురించి ఏడాదిపాటు గది తలుపు వేసుకుని ఆలోచించాను. మధ్యలో కదిలించొద్దని మా ఆవిడకి ముందే చెప్పాను. గోడనిండా లెక్కలు, బాణం గుర్తులు. చివరికి ఈ పొద్దున వీధిలోకి దిగి, ముప్పై ఇళ్ళ తలుపులు తట్టి నీరసంగా తిరిగొచ్చాను.

వెనక వరండా గుమ్మంలో కూలబడి, కళ్ళు మూసుకునే చెప్పాను.

"లాభం లేదు. వీధి వీధంతా ఎవరో ఒకావిడకే బట్టలిస్తోంది. మడత చెడదట, మాట తప్పదట. ఎవరని అడిగితే నా మొహం చూసి నవ్వుతారే తప్ప చెప్పరు. ఆవిడ బుర్రే బుర్ర. మనం నిలబడలేం."

"ఈ దుకాణం పెడితే ఎలా ఉంటుందని మీరు అడిగిన మర్నాడే మొదలుపెట్టాను," అంది మా ఆవిడ. "కదిలించొద్దన్నారని చెప్పలేదు."

కళ్ళు తెరిచాను. ఆవిడ చేతిలో ఇస్త్రీపెట్టె. పక్కన నడుమెత్తు బట్టల గుట్ట.

"రేపటికి నా చొక్కా..." అన్నాను మెల్లిగా.

"అడుగున ఉంది. మీ వంతు రానివ్వండి. ఈలోగా ఇంకో దుకాణం గురించి ఆలోచించండి. మా చెల్లెలు ఖాళీగానే ఉంది."