ఫ్లెక్సీ మీద ట్యాబ్

బీసీఏ కాలేజీలో ప్లేస్‌మెంట్ల రోజున యామినిని వరండాలో కూర్చోబెట్టి, ఆమె ట్యాబ్‌ని ఇంటర్వ్యూకి లోపలికి తీసుకెళ్లారు. కంపెనీలన్నీ ఇప్పుడు ట్యాబ్‌లనే ఉద్యోగంలో పెట్టుకుంటున్నాయి. మూడేళ్లుగా యామిని పక్కనే ఉండి, ఆమె రాసిన ప్రోగ్రాములు చూసి నేర్చుకున్న ట్యాబ్ అది.

సాయంత్రానికల్లా గేటు మీద ఫ్లెక్సీ లేచింది. ‘హార్దిక శుభాకాంక్షలు’ కింద ఆమె ట్యాబ్ ఫొటో!

"మరి నేనెందుకు చదివినట్టు సార్?" యామినికి ఒళ్లు మండిపోయింది.

"నీ ట్యాబేగా అమ్మా! సోమవారం పొద్దున్నే కంపెనీ ఆఫీసులో దిగబెట్టి రా," అంటూ ప్లేస్‌మెంట్ ఆఫీసరు లడ్డూ అందించాడు.

యామిని లడ్డూ తీసుకోలేదు. ట్యాబ్‌లో ఏదో నొక్కి, దాన్ని ఆయన చేతిలో పెట్టింది.

"మీరే దిగబెట్టండి సార్. నేను నేర్పిందంతా తుడిచేశాను. నా బుర్రలో ఉన్నది మాత్రం అలాగే ఉంది. ఈసారి నన్ను పిలవమనండి."