భ్రమరాంబ వంటల ఛానల్

రొయ్యల చెరువులకు గాలి అందించే ఏరియేటర్లన్నీ ఇప్పుడు టీవీలు వదిలేసిన ఖాళీ ఛానళ్ల సిగ్నల్ మీదే నడుస్తున్నాయి. చట్టం మాత్రం ఒకటుంది. ఛానల్ సొంతదారు ప్రసారం మొదలుపెడితే, దాన్ని వాడుకుంటున్న మిగతావాళ్ల యంత్రాలు ఆ క్షణమే ఆగిపోవాలి.

ఆకివీడు భ్రమరాంబ వంటల ఛానల్ ఏనాడో మూతపడింది. లైసెన్సు మాత్రం ఆమె చేతిలోనే ఉంది. ఆ ఖాళీలో నడిచేవి పక్క చెరువుల సత్తిరాజు ఏరియేటర్లే.

పోయిన వేసవిలో సత్తిరాజు తెగులు తగిలిన తన చెరువు నీళ్లను గుట్టుగా కాలవలోకి వదిలాడు. ఆ కాలవ నీళ్లే తోడుకున్న భ్రమరాంబ చెరువు తుడిచిపెట్టుకుపోయింది. నిలదీస్తే, "చెరువన్నాక పోద్దక్కా" అని నవ్వాడు.

అప్పట్నుంచీ ఆమె ఉక్కపోసే మబ్బు రోజు కోసం కాచుకుంది. అలాంటి రోజున ఏరియేటర్ ఆగితే రొయ్య బతకదు. ఈ ఉదయం ఆకు కదల్లేదు. భ్రమరాంబ పట్టుచీర కట్టుకుని, కెమెరా ముందు పొయ్యి వెలిగించింది.

ఉల్లిపాయలు వేగేలోపే సత్తిరాజు రొప్పుతూ వచ్చిపడ్డాడు.

"నీ కాళ్లు పట్టుకుంటానక్కా, ఆ టీవీ కట్టెయ్! రొయ్యలు ఊపిరాడక తేలిపోతన్నాయి!"

ఆమె గరిటె తిప్పుతూ కెమెరా వైపు నవ్వింది.

"ఇవాళ మన వంట రొయ్యల ఇగురండీ. రొయ్యలంటారా, మా సత్తిరాజు చెరువులో ఇప్పుడే తేలాయంట. ఊరందరికీ సరిపోతాయి."