పొగ దారి

గుమ్మంలో చెప్పులు విప్పకముందే టీచరమ్మ ముక్కు పని మొదలుపెట్టింది. హాల్లో సిగరెట్టు వాసన. వంటింట్లో ఇంకొంచెం. పడకగదిలో అయితే చెప్పనే అక్కర్లేదు.

భర్త కిటికీలు బార్లా తెరిచి, పేపరుతో గాలిని బయటికి విసురుతున్నాడు. భార్యను చూడగానే పేపరు దించేశాడు.

“నేను వచ్చేసరికే ఉందే ఈ వాసన. నీ మీద ఒట్టు,” అన్నాడు.

“నా మీద ఇంకా ఎన్ని ఒట్లు పెడతారు? నేను బతికుండాలా వద్దా?”

ఆయన గుండెలో స్టెంటు వేసి ఏడాది కాలేదు. ఇంకొక్క సిగరెట్టు ముట్టుకుంటే ప్రాణానికి పూచీ లేదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ముట్టుకుంటే నా దారి నేను చూసుకుంటానని టీచరమ్మ చెప్పింది. ఊరికే బెదిరించలేదు. ఆపరేషన్ అవుతున్నంతసేపూ ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఏడ్చిన మనిషి ఆమె. మళ్ళీ ఆ బల్ల మీద కూర్చునే ఓపిక తనకు లేదు.

ఆఫీసు నుంచి ఆయన ఆమెకంటే కాస్త ముందే ఇల్లు చేరతాడు. కాల్చుకోవడానికి ఆ కాస్త చాలు. బళ్ళో పిల్లల అబద్ధాలు ఇట్టే పట్టేసే ఆమెకు ఇంట్లో అబద్ధం పట్టుకోవడం ఓ లెక్కా?

పైగా ఆమెకు తల్లి దన్ను ఉంది. పెద్దావిడ హెడ్‌నర్సుగా చేసి రిటైరై, కూతురి దగ్గరే ఉంటోంది. పొగ తాగేవాళ్ళ ఊపిరితిత్తులు ఎలా మాడిపోతాయో భోజనాల దగ్గర కూడా పూసగుచ్చినట్టు చెప్పగలదు.

“చొక్కాలు వాసన చూశావా?” అని గొంతు తగ్గించి అడిగింది తల్లి.

“చూశానమ్మా. ఏమీ లేదు.”

“చొక్కా విప్పి తాగుతున్నాడేమో. మగాళ్ళకు ఇలాంటి తెలివి ఎక్కడ లేనిదీ ఉంటుంది. నా గదిలో మాత్రం రాదు చూడు. నేనంటే హడలు, ఆ ఛాయలకే రాడు.”

నిజమే. ఇల్లంతా కంపు కొట్టినా ఆ గది కడిగిన ముత్యంలా ఉండేది. టీచరమ్మ అనుమానం ఇంకా గట్టిపడింది.

చివరికి భర్తే ఒక ఉపాయం వెతుక్కున్నాడు. ఇల్లంతటికీ ఒకటే ఏసీ. ఫాల్స్ సీలింగ్ పైన రేకు డక్టులు గది గదికీ చల్లగాలి మోస్తాయి. పక్కింటి గోడ దగ్గర ఆ డక్టు ఎక్కడో ఊడిందనీ, పక్కింటాయన కాల్చే పొగ అందులోంచే వస్తోందనీ ఆయన వాదన.

“గోడలు తవ్వితే దొంగ దొరకడే పిచ్చిదానా, మొగుడి జేబులు వెతుకు,” అంది తల్లి.

అయినా ఆదివారం డక్టుల మెకానిక్ వచ్చాడు. టీచరమ్మ అతన్నీ వదల్లేదు.

“మా ఆయన మీకు ముందే తెలుసా?”

“తెలియదమ్మా. ఎందుకూ?”

“ఏం లేదు. ఏం చెప్పాలో ముందే నేర్పి తీసుకొచ్చారేమోనని.”

“అలాంటి వాటికి రేటు వేరమ్మా,” అని నవ్వుకుంటూ నిచ్చెనెక్కాడు. కదలకుండా పెద్దావిడ నిచ్చెన పట్టుకుంది.

పైన రేకుల మీద టకటక చప్పుడు. భర్త మెడ నొప్పి పుట్టేలా పైకే చూస్తున్నాడు. పైకి అనలేదు గాని, అక్కడ ఒక్క చిల్లు కనబడితే చాలు దేవుడా అని టీచరమ్మ కూడా అనుకుంది. ఆయన్ని వదిలి వెళ్ళడం ఆమెకు మాత్రం ఇష్టమా?

మెకానిక్ ఒంటినిండా దుమ్ముతో దిగాడు.

“డక్టు గుండ్రాయిలా ఉందండి. ఒక్క అతుకు ఊడలేదు. పక్కింటి గాలి రావడానికి సందే లేదు. వాసన వస్తోందంటే అది ఈ ఇంట్లో పుట్టిందే.”

భర్త మొహంలో నెత్తుటి చుక్క లేదు. “ఇంకోసారి చూడండి,” అన్నాడు.

“ఎన్నిసార్లు చూసినా అంతేనండి.”

టీచరమ్మ పడకగదిలోకి వెళ్ళి సూట్‌కేసు తీసింది. మడతలు కూడా చూడకుండా బట్టలు కుక్కింది. భర్త గుమ్మంలో నిలబడి, “నేను తాగలేదే,” అన్నాడు. ఆ గొంతు విని ఆమెకు జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

“ఊరుకో తల్లీ, నేను ముందే చెప్పానా లేదా,” అంటూ తల్లి ఆమె వీపు నిమిరింది.

మెకానిక్ మాత్రం తన పని తాను చేసుకుపోతున్నాడు. గదుల్లో డక్టులకు బిగించిన జాలీల దగ్గర సన్నటి కాగితం ముక్క పట్టి, గాలి సరిగ్గా ఆడుతోందో లేదో చూస్తున్నాడు. హాల్లో కాగితం రెపరెపలాడి దూరంగా ఎగిరింది. వంటింట్లోనూ, పడకగదిలోనూ అంతే.

“ఆ ఒక్క గది మిగిలింది,” అన్నాడు.

“నా గదిలో ఏ వాసనా రాదు బాబూ. అక్కడ నీకేం పని?” అంది పెద్దావిడ.

“వాసన కోసం కాదండి. ఫిల్టరు ఉండేది అక్కడే కదా.”

తల్లిని కూడా బయల్దేరదీయాలి కాబట్టి, సూట్‌కేసు ఈడ్చుకుంటూ వచ్చిన టీచరమ్మ ఆ గది దగ్గర ఆగింది. లోపల మెకానిక్ జాలీకి ఎదురుగా కాగితం పట్టాడు. కాగితం ఎగరలేదు. అతని వేళ్ళలోంచి జారి, వెళ్ళి జాలీకి అతుక్కుపోయింది.

“అదేంటి, ఇక్కడ గాలి రావట్లేదా?” అని అడిగింది.

మెకానిక్ జాలీ విప్పి, పొగచూరి పసుపుబారిన ఫిల్టరును బయటికి లాగుతూ, “ఇది గాలి వదిలే జాలీ కాదమ్మా, లాక్కునే జాలీ, ఇక్కడ లాక్కున్న గాలే డక్టుల్లోంచి మిగతా గదులన్నిటికీ వెళ్తుంది, దీని కింద కూర్చుని సిగరెట్టు కాలిస్తే ఈ గదిలో తప్ప ఇల్లంతా వాసన వస్తుంది,” అన్నాడు.