కబురు మోసినవాడు

"దిగేటప్పుడు గొడుగు మర్చిపోవద్దని ఆయనకు చెప్పు బాబూ," అంది భార్య.

"గొడుగు నా చేతిలోనే ఉందని ఆవిడకు చెప్పు," అన్నాడు అటుపక్క కూర్చున్న భర్త.

ఇద్దరి మధ్యా ఇరుక్కున్న గైడు పొద్దుటి నుంచీ ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మోస్తూనే ఉన్నాడు. పడవ పాత యుద్ధకాలపు కోటను సమీపించింది. ఒడ్డున రాతి విగ్రహం కనబడింది.

"అదెవరు బాబూ?"

"ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరు సేనాధిపతుల మధ్య కబుర్లు మోసినవాడమ్మా."

"సంధి కుదిరిందా?" అడిగాడు భర్త.

"కుదిరింది సార్. అతనే మిగల్లేదు."

ఆవిడ గైడు మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"ఏవండీ, ఇలా వచ్చి నా పక్కన కూర్చోండి. పాపం, ఈ అబ్బాయికింకా పెళ్లి కూడా కాలేదట."